కార్బొరేటర్ స్కూటరులో పెట్రోలు, గాలి పాళ్లు: లోపాన్ని గుర్తించి సరిచేసే పద్ధతి

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య నిబంధనలు అమల్లోకి రావడంతో మన దేశంలో కొత్తగా అమ్మే స్కూటర్లు ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. వాటిలో ఎంత పెట్రోలు వదలాలో ఈసీయూ అనే చిన్న కంప్యూటరు నిర్ణయిస్తుంది కనుక యజమాని తిప్పి చూడదగిన స్క్రూ అంటూ ఉండదు. ఈ వ్యాసం అంతకుముందు అమ్ముడై, నేటికీ కూరగాయల సంచులూ గ్యాస్ సిలిండర్లూ మోస్తూ తిరుగుతున్న 100 నుంచి 125 సీసీ ఫోర్ స్ట్రోక్ కార్బొరేటర్ స్కూటర్లకు సంబంధించినది. పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజిన్‌కు పంపే భాగమే కార్బొరేటర్. పాత యాక్టివా, డియో, యాక్సెస్, జూపిటర్ వంటి బళ్లు ఈ కోవలోకి వస్తాయి. భాగాల అమరికలో చిన్న చిన్న తేడాలున్నా అన్నిటిలోనూ పనిచేసే తీరు ఒకటే.

మైలేజీ తగ్గిందని చెప్పగానే స్క్రూడ్రైవర్ అందుకుని, కార్బొరేటర్ పక్కనున్న స్క్రూను అరచుట్టు తిప్పి, "ఇంక చూడండి సార్" అనడం చాలా షెడ్లలో అలవాటు. ఆ స్క్రూ చేయగలిగిన పని నిజానికి చాలా తక్కువ. ఈ సంగతి నాకు మా ఇంట్లోని 110 సీసీ స్కూటరు నేర్పింది. లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే బండి క్రమంగా 33కు పడిపోయింది. నాలుగు నెలల్లో మూడుసార్లు స్క్రూ బిగించారు. బిగించిన ప్రతిసారీ ఉదయం స్టార్ట్ కావడం మరింత కష్టమైందే తప్ప మైలేజీ పెరగలేదు. చివరకు ఒక ఆదివారం డిక్కీ విప్పి, పెట్రోలు ట్యాపు నుంచి ఇంజిన్ వైపు వెళ్లే సన్నని వాక్యూమ్ పైపు ఊడదీస్తే, దాని కొసన నిలిచిన పెట్రోలు చుక్క నా బొటనవేలి గోరు మీద పడింది. గాలి తప్ప మరేదీ ఉండకూడని పైపు అది. ట్యాపులోని రబ్బరు డయాఫ్రం చిరిగి, కార్బొరేటర్‌తో నిమిత్తం లేకుండా పెట్రోలు నేరుగా ఇంజిన్‌లోకి పోతోంది. ట్యాపు మార్చి, స్క్రూను పాత స్థానానికి తెచ్చాక మైలేజీ తిరిగి వచ్చింది.

కాబట్టి స్క్రూ జోలికి చివర్లోనే వెళ్లాలి. అంతకంటే ముందు లోపం నిజంగా మిశ్రమానిదేనా, అయితే యాక్సిలరేటర్ ఏ స్థాయిలో ఉన్నప్పుడు కనిపిస్తోంది అన్న రెండు ప్రశ్నలకు సమాధానం కావాలి.

పాళ్లంటే ఏమిటి

ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి. మరోలా చెప్పాలంటే ఒక లీటరు పెట్రోలు సుమారు 9 వేల లీటర్ల గాలిని మింగుతుంది. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతే బండి ఎందుకు ఉక్కిరిబిక్కిరి అవుతుందో ఈ లెక్కతోనే బోధపడుతుంది. గాలి పాలు 13 దగ్గరకు తగ్గి పెట్రోలు కాస్త ఎక్కువైతే పికప్ బాగుంటుంది. అంతకంటే బాగా ఎక్కువైతే మసి, వాసన, పెట్రోలు ఖర్చు. దీన్ని రిచ్ మిశ్రమం అంటారు. గాలి ఎక్కువై పెట్రోలు చాలకపోతే అది లీన్ మిశ్రమం. లీన్‌లో మైలేజీ బాగుంటుందని అనుకోవడం కొంతవరకే నిజం. ఆ హద్దు దాటితే ఇంజిన్ వేడెక్కుతుంది, లాగుడు తగ్గుతుంది, లాగడం లేదని మనం యాక్సిలరేటర్ ఇంకా తిప్పుతాం; దాంతో మిగిలిందనుకున్న పెట్రోలు అక్కడే ఖర్చయిపోతుంది.

కార్బొరేటర్ ఈ పాళ్లను ఒకే రంధ్రంతో నడిపించదు. ఐడ్లింగులోనూ (అంటే యాక్సిలరేటర్ తిప్పకుండా ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు), యాక్సిలరేటర్ ఎనిమిదో వంతు తిప్పేవరకూ స్లో జెట్ అనే సన్న రంధ్రపు ఇత్తడి ముక్క, దాని పక్కనున్న మిశ్రమం స్క్రూ పనిచేస్తాయి. సుమారు పావు నుంచి ముప్పావు వరకు, కార్బొరేటర్ లోపలే పైకీ కిందికీ కదిలే చిన్న పిస్టన్‌కు వేలాడే సూది పెట్రోలును నియంత్రిస్తుంది. ముప్పావు దాటితే మెయిన్ జెట్‌దే రాజ్యం. ఈ హద్దులు గీత గీసినట్టుగా ఉండవు, ఒకదానిలోకి మరొకటి చొచ్చుకుపోతాయి. అయినా రోగం ఏ అరలో ఉందో పట్టుకోవడానికి ఇవి చాలు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి ముక్కుతూ ఉంటే, ఐడ్లింగును సరిచేసే స్క్రూను ఎంత తిప్పినా ప్రయోజనం లేదని అర్థమవుతుంది.

యాక్సిలరేటర్ స్థాయిని అంచనాతో చెప్పడం కష్టం. ఇందుకు నేను చేసే ఏర్పాటు చాలా సులువైనది. హ్యాండిల్ గ్రిప్పు మీద, దాని పక్కన కదలకుండా ఉండే స్విచ్‌ల డబ్బా మీద చెరొక తెల్ల టేపు ముక్క అంటించాలి. గ్రిప్పును పూర్తిగా వదిలినప్పుడు రెండు టేపుల మీదుగా పెన్నుతో ఒకే గీత గీయాలి. ఆ తర్వాత గ్రిప్పును చివరిదాకా తిప్పి, స్విచ్ డబ్బా గీతకు ఎదురుగా గ్రిప్పు మీద మరో గీత గీసి, ఈ రెంటి మధ్య దూరాన్ని నాలుగు భాగాలు చేయాలి. వాహనాలు తిరగని రోడ్డు మీద బండి నడుపుతూ ఏ గీత దగ్గర తడబడుతోందో గమనిస్తే సగం పని పూర్తయినట్టే.

లక్షణాలను చదవడం

రిచ్ మిశ్రమానికి గుర్తులు ప్రస్ఫుటంగా ఉంటాయి. సైలెన్సర్ కొసన వేలు పెడితే పొడి మసి అంటుతుంది, వెనక నిలబడితే కళ్లు మండుతాయి, ప్లగ్గు నల్లగా పొడిమసి పట్టి ఉంటుంది. అన్నిటికన్నా నమ్మదగిన గుర్తు మరొకటి ఉంది: చల్లగా ఉన్నప్పుడు, మిశ్రమంలో పెట్రోలు పాలు పెంచే చోక్ అవసరం లేకుండానే చక్కగా స్టార్టయిన బండి, పది కిలోమీటర్లు తిరిగి వేడెక్కాక బరువుగా, మందంగా మారుతుంది. మసి కాకుండా నల్లని జిడ్డు తడి కనిపిస్తే అది ఇంజిన్ ఆయిల్. పిస్టన్ రింగులో, వాల్వు సీళ్లో అరిగాయని అర్థం. దానికీ కార్బొరేటర్‌కూ సంబంధం లేదు.

లీన్ లక్షణాలు అంత సులభంగా దొరకవు. ఉదయం చోక్ వేస్తే తప్ప స్టార్ట్ కాకపోవడం, చోక్ తీయగానే ఆగిపోవడం, యాక్సిలరేటర్ చటుక్కున తిప్పితే ఒక్క క్షణం ఊపిరి ఆగినట్టై ఆ తర్వాత అందుకోవడం, వదిలినప్పుడు ఇంజిన్ వేగం వెంటనే దిగకుండా పైనే వేలాడి నెమ్మదిగా దిగడం, వాలులో యాక్సిలరేటర్ మూసి వస్తుంటే సైలెన్సర్‌లో టపటపమని చప్పుడు రావడం ఈ వర్గంలోవి. అనుమానం తీరకపోతే చోక్‌తోనే పరీక్షించవచ్చు. ఇంజిన్ వేడిగా ఉండి ఇబ్బంది పెడుతున్నప్పుడు చోక్ మీటను కొద్దిగా లాగి చూడాలి. బండి తేరుకుంటే మిశ్రమం లీన్‌గా ఉన్నట్టు, మరింత కూలబడితే రిచ్‌గా ఉన్నట్టు. మీట లేని, ఆటో చోక్ ఉన్న మోడళ్లలో మాత్రం ఈ పరీక్ష కుదరదు.

ప్లగ్గును చూసి చెప్పడంలో ఒక జాగ్రత్త అవసరం. ఐడ్లింగులో ఐదు నిమిషాలు ఉంచి తీసిన ప్లగ్గు ఐడ్లింగు గురించి మాత్రమే చెబుతుంది. ఒకే వేగంతో రెండు మూడు కిలోమీటర్లు నడిపి, పక్కకు తీసి ఆపిన వెంటనే ఇంజిన్ కట్టేసి, చల్లారాక విప్పి చూడాలి. వేడి మీద విప్పితే అల్యూమినియం హెడ్డులోని మరలు దెబ్బతింటాయి. లేత గోధుమ రంగు మంచిదని పాతవాళ్లు చెబుతారు గానీ, సీసం లేని నేటి పెట్రోలుతో ఆ రంగు స్పష్టంగా రాదు. పింగాణీ భాగం లేత బూడిద రంగులో ఉన్నా కంగారు పడనక్కరలేదు. సున్నం వేసినట్టు తెల్లగా, పొక్కులతో కనిపిస్తే మాత్రం లీన్ అని గట్టిగా అనుమానించాలి.

మరో ఆధారం మీ దగ్గర ఇప్పటికే ఉండవచ్చు: పొల్యూషన్ సర్టిఫికెట్. 2000 ఏప్రిల్ తర్వాత తయారై, బీఎస్-4కు ముందు తరానికి చెందిన ఫోర్ స్ట్రోక్ బళ్లకు ఐడ్లింగులో కార్బన్ మోనాక్సైడ్ 3.5 శాతం మించకూడదు. పైపు నిజంగా సైలెన్సర్‌లోకి దూర్చి పరీక్షించిన కాగితం మీద ఆ అంకె 3 దాటి ఉంటే ఐడ్లింగు మిశ్రమం రిచ్‌గా ఉన్నట్టు. అది సున్నాకు దగ్గరగా ఉండి హైడ్రోకార్బన్లు విపరీతంగా ఉంటే, మిశ్రమం మరీ లీన్ అయి కొన్ని దఫాలు అసలు కాలడమే లేదని అనుకోవాలి. సైలెన్సర్‌లో పొగను శుద్ధి చేసే కన్వర్టర్ ఉన్న బళ్లలో ఈ అంకెలు అంత నిజం చెప్పవు.

కార్బొరేటర్ కంటే ముందు చూడవలసినవి

ఎయిర్ ఫిల్టర్‌ను వెలుతురుకు అడ్డం పెట్టి చూడండి. కాగితం ఫిల్టర్‌ను, ముఖ్యంగా నూనె పట్టించిన రకాన్ని, కడగకూడదు, కంప్రెసర్ గాలితో ఊదకూడదు, మార్చడమే మార్గం. ప్లగ్గు గ్యాపు మోడల్‌ను బట్టి 0.6 నుంచి 0.9 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది కనుక మాన్యువల్ ప్రకారం సరిచేయాలి. వాల్వులను కదిలించే ట్యాపెట్లు బిగుసుకున్నా ఐడ్లింగు నిలవదు. ఆ లోపాన్ని స్క్రూతో కప్పిపెట్టడం మామూలుగా జరిగే పొరపాటు. వెనక బ్రేకు పట్టేస్తుంటే, టైరులో గాలి తక్కువైతే మైలేజీ తగ్గుతుందని ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. ఐదారు కిలోమీటర్లు బాగా నడిచి హఠాత్తుగా ఆగి, మూత తీసి పెట్టగానే మళ్లీ నడిస్తే, పెట్రోలు ట్యాంకు మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయిందని అర్థం.

అన్నిటికన్నా ఎక్కువగా మోసం చేసేది గాలి లీకేజీ. కార్బొరేటర్‌కూ ఇంజిన్‌కూ మధ్య ఉన్న మానిఫోల్డు, దాని ఓ-రింగు, వాక్యూమ్ పైపులు ఏళ్లు గడిచేకొద్దీ ఎండి పగుళ్లిస్తాయి. ఇంజిన్ ఐడ్లింగులో ఉండగా ఆ అతుకుల మీద స్ప్రే సీసాతో కొద్దిగా మంచినీళ్లు చల్లితే, పగులున్న చోట నీరు ఒక్క క్షణం దాన్ని మూసి ఇంజిన్ శబ్దాన్ని మారుస్తుంది. కొందరు ఇందుకు పెట్రోలు చల్లుతారు. వేడి ఇంజిన్ మీద, ప్లగ్గు వైరు పక్కన ఆ పని చేయడం నిప్పుతో చెలగాటమే.

కార్బొరేటర్ శుభ్రం చేయడం

పైవన్నీ సరిగా ఉండి ఇబ్బంది అలాగే ఉంటే, ముఖ్యంగా బండి రెండు మూడు నెలలు కదలకుండా ఉన్నాక మొదలైతే, స్లో జెట్ మూసుకుపోయి ఉంటుంది. దాని రంధ్రం వ్యాసం అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఆవిరైన పెట్రోలు మిగిల్చిన జిగురు చాలు దాన్ని పూడ్చడానికి. ముందుగా ఇంజిన్ పూర్తిగా చల్లారాక, ఆరుబయట, కార్బొరేటర్ అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి పెట్రోలును గాజుసీసాలోకి పట్టాలి. సీసా అడుగున వేరే పొరగా నీరు కనిపిస్తే రోగం సగం అక్కడే తెలిసిపోయినట్టు. పెట్రోలులో కలుపుతున్న ఇథనాల్ నీటిని పీల్చుకునే గుణం కలది కనుక ఇది ఇప్పుడు మునుపటికంటే ఎక్కువగా కనిపిస్తుంది.

జెట్లను విప్పడానికి గాడిలో సరిగ్గా ఇమిడే స్క్రూడ్రైవరే వాడాలి. ఇత్తడి మెత్తనిది, ఇట్టే చితికిపోతుంది. రంధ్రంలో పిన్నీసు, సూది, ఇనుప తీగ దూర్చకూడదు. అలా చేస్తే రంధ్రం కంటికి తెలియనంతగా పెద్దదై, బండి శాశ్వతంగా రిచ్ అవుతుంది. కార్బొరేటర్ క్లీనర్‌లో నానబెట్టి గాలితో ఊదడం మేలు. అప్పటికీ మొండికేస్తే ప్లాస్టిక్ బ్రష్షు వెంట్రుక ఒకటి చాలు. జెట్‌ను ఆకాశానికి ఎదురుగా పట్టి చూస్తే గుండ్రని, అంచులు స్పష్టమైన వెలుగు చుక్క కనిపించాలి. క్లీనర్ పడితే రబ్బరు ఉబ్బి పాడవుతుంది గనుక కార్బొరేటర్ పిస్టన్ పైనున్న డయాఫ్రంను ముందే తీసి పక్కన పెట్టాలి. దాన్ని వెలుతురులో మెల్లగా సాగదీసి సూది మొన అంత చిల్లు ఉందేమో చూడాలి. ఐడ్లింగు చక్కగా ఉండి, ఎంత తిప్పినా బండి 40 దాటకపోతే చాలాసార్లు నేరం ఈ డయాఫ్రందే. ఓవర్‌ఫ్లో పైపు నుంచి పెట్రోలు చుక్కలు పడుతుంటే, కార్బొరేటర్‌లోకి పెట్రోలు రాకను ఆపే ఫ్లోట్ సూది అరిగినట్టు. అది మార్చకుండా మిశ్రమం సరిచేయడం కుండ చిల్లు పూడ్చకుండా నీళ్లు పోయడమే.

స్క్రూతో సరిచేయడం

ఇక్కడ రెండు స్క్రూలుంటాయి. ఒకటి ఐడ్లింగు వేగాన్ని పెంచేది, తగ్గించేది. అది మిశ్రమాన్ని మార్చదు. రెండోది మిశ్రమం స్క్రూ. ఈ తరం స్కూటర్లలో అది సాధారణంగా కార్బొరేటర్‌కు ఇంజిన్ వైపున ఉంటుంది, దాన్ని బయటకు తిప్పితే పెట్రోలు పెరుగుతుంది. ఎయిర్ ఫిల్టర్ వైపున ఉండే రకంలో అది గాలిని నియంత్రిస్తుంది కనుక ఫలితం తలకిందులవుతుంది: బయటకు తిప్పితే లీన్. ముందు ఇది తేల్చుకోకుండా చేయి పెట్టకూడదు. కొన్ని మోడళ్లలో స్క్రూ తల ఆంగ్ల డి అక్షరం ఆకారంలో ఉంటుంది, దానికి ప్రత్యేకమైన పనిముట్టు కావాలి.

మొదట ఇంజిన్ ఆపి, స్క్రూను లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకు ఆగిందో లెక్కపెట్టి రాసుకోవాలి. మెత్తగా తగలగానే ఆపేయాలి. బిగించి తిప్పితే సూదిలాంటి మొన వంగుతుంది లేదా విరిగి రంధ్రంలోనే ఉండిపోతుంది, అప్పుడు కార్బొరేటర్‌నే మార్చాలి. తిరిగి అన్నే చుట్లు బయటకు తీయాలి. పాత లెక్క నమ్మదగినది కాకపోతే మాన్యువల్‌లో ఉన్న అంకెతోనూ, అది దొరకకపోతే రెండు చుట్లతోనూ మొదలుపెట్టవచ్చు.

తర్వాత బండిని పదిహేను నిమిషాలు నడిపి వేడెక్కించి, ఆరుబయట సెంటర్ స్టాండు వేయాలి. మూసిన షెడ్డులో ఈ పని చేయకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. వెనక చక్రం తిరిగే అవకాశం ఉన్నందున చీర కొంగు, చున్నీ, పిల్లలు దగ్గర లేకుండా చూసుకోవాలి. ఇప్పుడు మిశ్రమం స్క్రూను పావుచుట్టు తిప్పి, పదిహేను సెకన్లు ఆగి వినాలి. తొందరపడి వరుసగా తిప్పుకుంటూ పోతే ఇంజిన్ ఏ మార్పుకు స్పందించిందో తెలియదు. లోపలికి తిప్పుతూ పోతే ఒకచోట శబ్దం తడబడి ఆగిపోయేలా అవుతుంది. బయటకు తిప్పుతూ పోతే మరోచోట లయ బరువెక్కి, డుగ్ డుగ్ మని కుంటినడకలా మారుతుంది. ఈ రెండు చోట్ల మధ్య ఇంజిన్ అత్యధిక వేగంతో, సమంగా తిరిగే స్థానం ఒకటుంటుంది. అది దొరికాక ఐడ్లింగు స్క్రూతో వేగాన్ని మాన్యువల్ చెప్పిన అంకెకు తగ్గించి, మరోసారి మిశ్రమం స్క్రూను ఎనిమిదో వంతు చొప్పున అటూ ఇటూ తిప్పి అదే స్థానాన్ని సరిచూసుకోవాలి. రెండో విడతలో ఆ స్థానం కాస్త జరగడం సహజం.

ఈ స్కూటర్ల ఐడ్లింగు సాధారణంగా నిమిషానికి 1500 నుంచి 1800 చుట్ల మధ్య ఉంటుంది. మీటరు లేకపోయినా ఫర్వాలేదు. 1700 చుట్లంటే ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ సెకనుకు సుమారు 14 సార్లు పేలుతుంది. ఫోనులో శబ్దం రికార్డు చేసి గ్రాఫు చూపే యాప్‌లో ఆ శిఖరాలను లెక్కించవచ్చు. ఐడ్లింగులో వెనక చక్రం గట్టిగా తిరుగుతుంటే, బ్రేకు వదిలితే బండి ముందుకు పాకుతుంటే వేగం ఎక్కువ పెట్టినట్టు.

చివరగా యాక్సిలరేటర్‌ను చటుక్కున తిప్పి వదలాలి. తిప్పిన క్షణంలో ఇంజిన్ గుటక మింగినట్టు ఆగితే, లేదా వదిలాక వేగం పైనే వేలాడితే ఎనిమిదో వంతు రిచ్ వైపు తిప్పాలి. వదిలాక వేగం మామూలు కంటే కిందికి పడి, మూలిగి, మళ్లీ లేస్తే అంతే మేర లీన్ వైపు. మూడు చుట్లు దాటితేనో, ముప్పావు చుట్టులోపు ఉంటేనో తప్ప ఇంజిన్ నిలవడం లేదంటే ఆపేసి స్లో జెట్‌నూ గాలి లీకేజీనీ మళ్లీ చూడాలి. స్క్రూ మరేదో లోపాన్ని మోస్తోందన్నమాట.

ఇథనాల్, ఎత్తు

ఒక కిలో ఇథనాల్ కాలడానికి 9 కిలోల గాలి చాలు. అందువల్ల 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు సరైన పాలు 14.7 నుంచి 13.5 దగ్గరకు దిగుతుంది. ఇంజెక్షన్ బండిలో సెన్సర్ ఈ తేడాను కొంత సర్దుతుంది. కార్బొరేటర్‌కు ఆ తెలివి లేదు, పాత జెట్లతోనే నడుస్తూ ఏడెనిమిది శాతం లీన్ అవుతుంది. పాత బండి ఉదయం మొండికేయడం, చటుక్కున తిప్పితే తడబడటం ఇటీవలే మొదలైతే ఇదీ ఒక కారణం కావచ్చు. స్క్రూను పావుచుట్టు బయటకు తీస్తే ఐడ్లింగు వరకు కుదురుకుంటుంది. పూర్తి వేగంలో లీన్ లక్షణాలు కనిపిస్తే ఒక్క సైజు పెద్ద మెయిన్ జెట్ వేయించవచ్చు గానీ, ప్లగ్గు నిజంగా తెల్లబడిందని చూశాకే. ఇథనాల్‌లో శక్తి తక్కువ కనుక తగ్గిన కొద్దిపాటి మైలేజీ ఏ జెట్ మార్చినా తిరిగి రాదు.

ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడుతుంది, ప్రతి 100 మీటర్లకు సుమారు ఒక శాతం. విశాఖ తీరంలో సరిచేసిన బండిని సుమారు 900 మీటర్ల ఎత్తున్న అరకుకు తీసుకెళ్తే అది కొంచెం రిచ్‌గా నడుస్తుంది. రెండు రోజుల ప్రయాణానికి స్క్రూ తిప్పనక్కరలేదు. అక్కడే స్థిరపడేవారు మాత్రం ఐడ్లింగు మరోసారి చూసుకోవాలి.

పని ముగిశాక ట్యాంకు నిండా పోసి, కిలోమీటర్ల అంకె రాసుకుని, కనీసం రెండు ట్యాంకులు అదే బంకులో పోయించి లెక్కగట్టాలి. ఒక్క లీటరు పోసి తేల్చే మైలేజీకి విలువ లేదు. స్క్రూ చుట్ల లెక్కనూ తేదీనీ డిక్కీ మూత లోపలివైపు మార్కర్‌తో రాసి పెట్టండి. మా బండిలో అది "ఒకటి ముప్పావు" అని ఉంది. సర్వీసింగుకు ఇచ్చిన ప్రతిసారీ ఇంటికి వచ్చాక నేను మొదట సరిచూసేది ఆ అంకెనే.